మౌంజారో వాడుతూ డాక్టరు దగ్గరికి: బరువు సంగతి కాటా చెబుతుంది, మిగతాది మీరు చెప్పాలి

మీరు అడిగింది ఇది. వయసు 41. షుగర్, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ (షుగర్‌నీ బరువునీ తగ్గించే టిర్జెపటైడ్ మందు) 2.5 ఎంజీతో మొదలుపెట్టి ఇప్పుడు 5 ఎంజీ మీద ఉన్నారు. 91 కిలోల నుంచి 83కి దిగారు. వచ్చే బుధవారం గుంటూరులో ఎండోక్రైనాలజిస్టు (షుగర్, థైరాయిడ్ లాంటి హార్మోన్ల డాక్టరు) అపాయింట్‌మెంట్. "లోపలికి వెళ్తే ఐదు నిమిషాలు కూడా ఉండనివ్వరు, ఏం తీసుకెళ్లాలి, ఏం చెప్పాలి? పైగా బుధవారమే నా ఇంజెక్షన్ రోజు" అన్నారు.

నేను డాక్టర్ని కాదండీ, డయాబెటిస్ ఎడ్యుకేటర్ని. పేషెంట్లు డాక్టరు గదిలోకి వెళ్లకముందు కూర్చోబెట్టి, వివరాలు రాసి, లోపలికి పంపడం నా పని. మందు మార్చేదీ తగ్గించేదీ మీ డాక్టరే. ఆయన ఆ నిర్ణయం తీసుకోవడానికి ఏం కావాలో మాత్రం నేను చెప్పగలను.

దాదాపు అందరూ లోపలికి వెళ్లగానే "సార్, ఎనిమిది కిలోలు తగ్గాను" అంటారు. సంతోషమే, కానీ ఆ అంకె ఆయన ముందున్న కాగితం మీద అప్పటికే ఉంటుంది. బయట సిస్టర్ తూచి రాసే పంపింది కదా. ఆయన తేల్చుకోవాల్సింది వేరే. ఇంజెక్షన్ డోసు పెంచాలా, అక్కడే ఉంచాలా? మీరు వేసుకునే మిగతా మాత్రల్లో ఏది తగ్గించాలి? లోపల ఏదైనా ముదురుతోందా? ఈ మూడింటికీ జవాబు మీ నోటి నుంచే రావాలి. అడిగితే చెబుదాంలే అనుకుంటే ఆ ఐదు నిమిషాలూ అయిపోతాయి.

మొదట మాత్రల సంగతి చూద్దాం. మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు షుగర్‌కి గ్లైకోమెట్ జీపీ అని రాశారు. ఆ "జీపీ"లో ఉన్నది గ్లిమెపిరైడ్. స్ట్రిప్ తిప్పి వెనక చూస్తే మెట్‌ఫార్మిన్ పక్కనే ఆ పేరు ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌తో పెద్ద చిక్కు లేదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఇంతకుముందు ఉదయం నాలుగు ఇడ్లీలు తినేవారు, ఇప్పుడు ఒకటిన్నర దగ్గరే చాలనిపిస్తుంది. మాత్ర మాత్రం ఆ నాలుగు ఇడ్లీల లెక్కతోనే పనిచేస్తుంది. పదకొండు, పన్నెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే అది నీరసం కాదు, షుగర్ పడిపోవడం. ఇలా ఎప్పుడైనా అయిందా, ఏ టైముకి అయింది, ఆ రోజు ఏం తిన్నారు, గ్లూకోమీటర్‌లో ఎంత చూపించింది, ఇవి రాసుకోండి. 70 కంటే తక్కువ ఒక్కసారి కనిపించినా సరే, డాక్టరుకి మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే. బరువు తగ్గిన సంగతి తర్వాత చెప్పుకోవచ్చు.

శనివారం ఒక్కపొద్దు ఉంటారా? కార్తీక మాసంలో సోమవారాలు ఉపవాసం చేస్తారా? అదీ చెప్పండి. ఉపవాసం మానమని ఎవరూ అనరు. ఆ రోజు ఉదయం మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవడానికి.

బీపీ మాత్ర కూడా అంతే. బరువు తగ్గుతుంటే బీపీ దానంతటదే దిగుతుంది. 91 కిలోలప్పుడు రాసిన టెల్మా ఏఎం (టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిసిన బీపీ మాత్ర) 83 కిలోలప్పుడు ఎక్కువైపోవచ్చు. పీట మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మడం, బాత్రూమ్‌లో తూలడం ఉంటే "ఇంజెక్షన్ వల్ల నీరసం" అని సరిపెట్టుకోకండి. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఈ వారం రోజులూ ఉదయం మాత్రకు ముందు, కూర్చుని ఒకసారి, లేచి ఒకటి రెండు నిమిషాలు నిలబడ్డాక మరోసారి చూసి రాయండి. ఈ రెండు అంకెల మధ్య తేడా డాక్టరుకి చాలా చెబుతుంది. మెషిన్ లేకపోతే దగ్గర్లోని మెడికల్ షాపులో చూపించుకున్నా సరే. మీ స్ట్రిప్ మీద "హెచ్" ఉంటే అందులో ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉందని అర్థం. వాంతులు, విరేచనాలు అవుతున్న వారంలో ఆ మందు వేసుకుంటే ఒంట్లో నీరు మరీ తగ్గిపోతుంది.

థైరాయిడ్ మాత్ర సంగతి చాలామందికి తట్టదు. థైరోనార్మ్ అయినా, ఎల్ట్రాక్సిన్ అయినా, డోసు బరువును బట్టి కూడా ఉంటుంది. బరువు బాగా తగ్గితే పాత డోసు ఎక్కువ కావచ్చు. దడ, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం మొదలైతే అందరూ నేరం ఇంజెక్షన్ మీదే మోపుతారు. చివరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించింది మౌంజారో మొదలుపెట్టక ముందైతే, ఈసారి వెళ్లేలోగా ఒకసారి చేయించి రిపోర్ట్ పట్టుకెళ్లడం మంచిది.

మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను. డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్న మాత్ర ఏమైనా వాడుతున్నారా? షుగర్‌ను మూత్రంలో బయటకు పంపేవి. చవక బ్రాండ్లు చాలా వచ్చాయి, ఎవరు ఎప్పుడు రాశారో గుర్తులేని ఇళ్లు కూడా ఉన్నాయి. తిండి బాగా పడిపోయినప్పుడు, వాంతులు అవుతున్నప్పుడు ఈ మాత్ర కొనసాగిస్తే షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగి ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. అలాగే మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి, పైన టెల్మిసార్టన్, ఆ పైన నొప్పి మాత్ర కలిస్తే దెబ్బ పడేది కిడ్నీల మీద. పొడులు, కషాయాలు, ఎవరో ఇచ్చిన "బరువు తగ్గే టీ" ఉన్నా దాచకండి. డాక్టరు కోప్పడితే కోప్పడనివ్వండి.

అందుకే మందుల పేర్లు కాగితం మీద రాసుకోవడం కంటే, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, సగం వాడినవి కూడా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. టేబుల్ మీద పరిస్తే ఆయనకు అర నిమిషంలో అర్థమైపోతుంది. "ఆ తెల్లది, చిన్నది" అని వర్ణించే శ్రమ మీకు తప్పుతుంది.

ఇక ఇంజెక్షన్. "5 ఎంజీ వాడుతున్నాను" అంటే సరిపోదు. మొదటి డోసు ఎప్పుడు, 5కి ఎప్పుడు మారారు, మధ్యలో ఏ వారమైనా తప్పిందా, తప్పితే తర్వాత ఏం చేశారు, ఈ నాలుగూ తేదీలతో కావాలి. మౌంజారో ఒక వారం మర్చిపోతే నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. అది దాటితే ఆ వారం వదిలేసి తర్వాతి మామూలు రోజుకి వేసుకోవాలి. ఒక్కటి తప్పితే పెద్ద సంగతి కాదు. ఊరెళ్లి రెండు మూడు వారాలు మానేసి, తిరిగొచ్చాక నేరుగా పాత డోసే వేసుకుంటే వాంతులతో మంచం పట్టొచ్చు. మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాలేమో డాక్టరే చెబుతారు. కాబట్టి ఖాళీలు దాచొద్దు.

పెన్ను కాకుండా వైల్ (సిరంజితో లాగే చిన్న మందు సీసా) వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో వచ్చినప్పుడు వైల్ రూపంలోనే వచ్చింది. ఏ డోసు వైల్ అయినా లోపల ఉండేది 0.5 మి.లీ. మందే. ఇళ్లలో సిరంజిలేమో రెండు రకాలు. నారింజ రంగు మూతది 100 యూనిట్ల లెక్కది, ఎర్ర మూతది 40 యూనిట్ల లెక్కది. అదే 0.5 మి.లీ. నారింజ మూత సిరంజిలో 50వ గీత దగ్గర, ఎర్ర మూత సిరంజిలో 20వ గీత దగ్గర ఉంటుంది. "20 దాకా లాగమన్నారు" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని నారింజ మూత సిరంజితో లాగితే మీ ఒంట్లోకి వెళ్లేది సగం కూడా కాదు. డాక్టరేమో మందు పనిచేయట్లేదనుకుని డోసు పెంచుతారు. మీరు వాడే సిరంజి ఖాళీది ఒకటి, వైల్ పెట్టె ఒకటి బ్యాగులో వేసుకోండి. వీధిలో ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటుంటే ఆ మాటా చెప్పండి. పెట్టె మీదున్న బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా పనికొస్తాయి. ఇలాంటిదే అయిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ నకిలీ పెన్నులు బయటపడ్డాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. కాబట్టి బిల్లు ఇవ్వని చోట, "తెలిసినవాళ్ల ద్వారా" వచ్చే సరుకు జోలికి పోకండి.

ఖర్చు కోసం ఎక్కువ డోసు వైల్ కొని రెండు వారాలు సగం సగం వేసుకునేవాళ్లున్నారు. వచ్చిన కొత్తలో 5 ఎంజీ వైల్ ఒక్కోటి 4,375 రూపాయలు, నెలకు నాలుగు. ఎందుకు సర్దుకుంటున్నారో నాకు అర్థమవుతుంది. కానీ ఆ వైల్ ఒక్కసారి వాడకానికే. ఒకసారి సూది గుచ్చాక వారం రోజులు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడితే ఇన్ఫెక్షన్ భయం ఉంది, డోసు లెక్కా గాడి తప్పుతుంది. డబ్బు సమస్య అయితే సిగ్గుపడకుండా ఆ మాటే చెప్పండి. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో ముగిసింది, ఆ వైపు మారడం కుదురుతుందేమో ఆయనే చూస్తారు. మీరే మారిపోవద్దు. దీని 5 ఎంజీకి, దాని ఎంజీలకు పోలికే లేదు.

అన్నట్టు, మందు నిల్వ ఎలా ఉంది? 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్ గదికి ఆనించి పెట్టకూడదు. గడ్డకట్టిన మందు కరిగినా వాడకూడదు. మే నెలలో మన పల్నాడు ఎండకు బండి డిక్కీలో గంటల తరబడి ఉంచిన ఇంజెక్షన్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత తిండి. ఇక్కడే అందరూ అబద్ధం చెబుతారు, అదీ మంచి పేషెంటు అనిపించుకోవడానికి. "బాగానే తింటున్నాను" అంటారు. ఇంటికెళ్లి చూస్తే ఉదయం అర గ్లాసు రాగి జావ, మధ్యాహ్నం నాలుగు ముద్దలు పెరుగన్నం, రాత్రి ఏమీ లేదు. బరువు దిగుతుంది, నిజమే, కానీ దిగేదాంట్లో కొవ్వుతో పాటు కండ కూడా ఉంటుంది. మెట్లెక్కుతుంటే తొడల్లో బలం లేదనిపించడం, జుట్టు దువ్వెన నిండా రావడం దీని గుర్తులే. ఈ వారంలో ఏవైనా మూడు రోజులు, అందులో ఒకటి ఇంజెక్షన్ వేసుకున్న మర్నాడు ఉండేలా, తిన్నదీ తాగినదీ ఉన్నదున్నట్టు రాయండి. గుడ్డు, చేప, పప్పు, పెసరట్టు, పెరుగు ఏ పూట ఎంత అన్నది ముఖ్యంగా రాయాలి. పప్పు అంటే చారులో తేలే పప్పు కాదు. నీళ్లు ఎన్ని గ్లాసులు, మూత్రం ముదురు పసుపుగా వస్తోందా, ఇవీ కావాలి.

కడుపు బాధలు చెప్పేటప్పుడు "కొంచెం ఇబ్బందిగా ఉంది" అనకండి. ఇంజెక్షన్ వేసుకున్న ఎన్నో రోజు వికారం మొదలై ఎన్నో రోజుకి తగ్గింది? వాంతులు వారానికి ఎన్ని? రాత్రి తిన్నది పొద్దున కూడా గొంతులోకి వస్తోందా? కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు వస్తున్నాయా? విరేచనం ఎన్ని రోజులకోసారి? ఇవన్నీ పెద్దవాళ్ల ముందు చెప్పడానికి మొహమాటపడే మాటలే, కానీ డోసు పెంచాలా వద్దా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది. లోపలికి మీ వారో, అత్తగారో వస్తానంటే, వాళ్ల ముందు చెప్పలేని మాటలుంటే కాసేపు బయట కూర్చోమనండి.

బరువు వారానికి ఒకసారి, ఒకే మెషిన్ మీద, ఉదయం దొడ్డికెళ్లొచ్చాక చూస్తే చాలు. రోజూ ఎక్కి దిగడం మనసు పాడుచేసుకోవడానికే. నడుం చుట్టుకొలత కూడా టేపుతో చూసి రాయండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే ఎక్కువ అని లెక్క. కిలోలు ఆగిపోయిన నెలలో కూడా నడుం తగ్గుతుంటే ఆ సంగతి తెలియడానికి ఇదొక్కటే దారి.

పరీక్షల మాట క్లుప్తంగా. మూడు నెలల షుగర్ అనే హెచ్‌బీఏ1సీ, కిడ్నీలకు క్రియాటినిన్, లివర్, కొలెస్ట్రాల్, టీఎస్‌హెచ్, మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నారు కాబట్టి బీ12. ఇందులో ఏవి కావాలో క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కుని రెండు రోజుల ముందే చేయించుకుంటే రిపోర్ట్ చేతిలో ఉంటుంది. పరగడుపున రక్తం ఇవ్వాల్సి వస్తే గ్లైకోమెట్ జీపీ వేసుకుని ఖాళీ కడుపుతో ల్యాబ్ క్యూలో నిలబడకండి. రక్తం ఇచ్చి, టిఫిన్ పెట్టుకుని, అప్పుడు వేసుకోండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకోండి. ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య వెతుకుతూ ఉంటే టైమంతా అక్కడే పోతుంది.

ఆయన అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో రక్తసంబంధీకులకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? అందులో మెడులరీ అనే రకమైతే ఈ మందు వాడకూడదు. మామూలు థైరాయిడ్ సమస్యకు దీంతో సంబంధం లేదు, భయపడకండి. మీకు ఎప్పుడైనా క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారా? కంటి రెటీనా పరీక్ష చివరగా ఎప్పుడు జరిగింది? షుగర్ ఏళ్లుగా ఎక్కువుండి ఒక్కసారిగా దిగితే రెటీనా సమస్య ముదిరే అవకాశం ఉంటుంది కాబట్టి, ఏడాది దాటితే కంటి డాక్టరు దగ్గరికీ పంపమని అడగండి.

మీకు 41 కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. బరువు తగ్గితే క్రమం తప్పిన నెలసరి గాడిలో పడుతుంది, గర్భం వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. మౌంజారో మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడకూడదు. నెలసరి తప్పితే ఈ ఇంజెక్షన్ గురించే కాదు, టెల్మిసార్టన్ గురించి కూడా వెంటనే అడగాలి.

దగ్గర్లో ఆపరేషన్, ఎండోస్కోపీ లాంటి మత్తిచ్చే పని ఏదైనా ఉందా? ఈ మందు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండొచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాల మీదికొస్తుంది. ఇంజెక్షన్ ఆపాలా, ముందు రోజంతా ద్రవాలు మాత్రమే తీసుకోవాలా అన్నది మత్తు డాక్టరు చెబుతారు. మీరు మాత్రం "షుగర్ ఇంజెక్షన్" అని కాకుండా "మౌంజారో" అని పేరు పెట్టి చెప్పాలి. షుగర్ ఇంజెక్షన్ అంటే వాళ్లు ఇన్సులిన్ అనుకుంటారు.

బుధవారం దాకా ఆగకూడనివి కూడా చెబుతాను. పొట్ట పైభాగంలో మొదలై వీపుకు పాకే నొప్పి తగ్గకుండా ఉండటం, గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, జ్వరంతో పాటు కళ్లు పచ్చబడటం, చూపు హఠాత్తుగా మసకబారడం. వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికే వెళ్లండి. షుగర్ 70 కిందికి పడితే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, ఆ తర్వాత ఫోన్ చేయండి.

ఇక మీరు ఆయన్ని అడగాల్సినవి. నన్నడిగితే మొదటి ప్రశ్న "డోసు పెంచుతారా" అని కాదు, "ఈ 5 మీదే ఉండొచ్చా" అని. ఈ మందు 2.5 చొప్పున పెంచుకుంటూ 15 దాకా వెళ్లొచ్చు, ప్రతి మెట్టు మీదా కనీసం నాలుగు వారాలు ఆగాలి. అంతేగాని అందరూ 15కి చేరాలన్న నియమం లేదు. 5 మీద బాగా దిగుతూ, తింటూ, షుగర్ అదుపులో ఉంటే పెంచమని మీరు ఒత్తిడి చేయాల్సిన పని లేదు. పక్కింటావిడ పదికి వెళ్లిందన్నది కారణమే కాదు.

రెండోది, ఎన్నాళ్లు అని. ఇది సూటిగా అడగండి, సూటి జవాబు రాబట్టండి. ఇదే మందు మీద 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 36 వారాలు వాడి సగటున 20.9 శాతం బరువు తగ్గినవాళ్లలో సగంమందికి మందు ఆపి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాతి 52 వారాల్లో వాళ్ల బరువు మళ్లీ 14 శాతం పెరిగింది. అంటే "పది కిలోలు తగ్గాక ఆపేస్తాను" అన్న ఆలోచన మీకుంటే, ఆపాక ఏం చేయాలన్న ప్లాను ఇప్పటి నుంచే ఆయనతో కలిసి వేసుకోవాలి. ఎన్నాళ్లు కొనగలరో కూడా అప్పుడే లెక్క వేసుకోండి.

ఇవన్నీ ఒకే కాగితం మీద, ఒకే వైపు రాయండి. పైన షుగర్ పడిన రోజులు, కళ్లు తిరిగిన రోజులు, దాని కింద ఇంజెక్షన్ తేదీలు, ఆ కింద మీ రెండు ప్రశ్నలు. కాగితం ఆయన చేతికే ఇచ్చేయండి, చదవడం మాట్లాడటం కంటే త్వరగా అవుతుంది. ఇంకో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మందులు మారిస్తే లేచే ముందు "ఏది మానాలి, ఏది సగం చేయాలి" అని ఆయన ముందే స్ట్రిప్పుల మీద పెన్నుతో రాసుకోండి. మానేసిన మాత్ర పాత చీటీ చూపించి మళ్లీ కొనుక్కోవడం రోజూ చూస్తున్నదే.

బుధవారం ఇంజెక్షన్ గురించి. పొద్దున్నే వేసుకుని బయలుదేరకండి. డోసు మారొచ్చు, పైగా బస్సులో వికారం మొదలైతే బాధపడేది మీరే. డాక్టర్ని చూసి ఇంటికొచ్చి సాయంత్రం వేసుకోండి. ఆలస్యమైతే గురువారం వేసుకున్నా నష్టం లేదు. ఇకపై గురువారానికే మార్చుకోవాలనుకున్నా మార్చుకోవచ్చు, రెండు డోసుల మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉంటే చాలు. మందు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి, చూపించడానికి ఖాళీ పెట్టె సరిపోతుంది. బ్యాగులో నీళ్ల సీసా, నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, ఒక చిన్న పొట్లంలో పంచదార వేసుకోండి. క్లినిక్‌లో మీ టోకెన్ నంబరు వచ్చేసరికి మధ్యాహ్నం అయిందంటే, ఉదయం వేసుకున్న జీపీ మాత్ర సంగతి మీకు తెలుసు కదా.